తెర నల్లబడితే సెషన్ పోయినట్టు కాదు

హైదరాబాద్‌లో చిప్ డిజైన్ చేసే చాలామంది ఇంజనీర్ల ల్యాప్‌టాప్‌లో అసలు పని ఉండదు. డిజైన్ ఫైళ్లు, వాటిని నడిపే సాఫ్ట్‌వేరు, లైసెన్సులు అన్నీ ఎక్కడో ఉన్న లినక్స్ సర్వర్‌లో ఉంటాయి. ఆ సర్వర్ మీద ఒక డెస్క్‌టాప్ తెరిచి పెట్టుకుంటారు. దాన్ని వీఎన్‌సీ సెషన్ అంటారు. సాయంత్రం సిమ్యులేషన్ పెట్టి, ల్యాప్‌టాప్ మూసేసి ఇంటికి వెళ్లిపోతారు. మర్నాడు పొద్దున కనెక్టయితే విండోలన్నీ నిన్న వదిలిన చోటే ఉంటాయి. ఒకే సెషన్ వారాల తరబడి అలా నడుస్తూ ఉంటుంది.

ఎప్పుడో ఒకరోజు కనెక్టయ్యేసరికి తెర నల్లగా కనిపిస్తుంది. లేదా కనెక్టే అవ్వదు. పక్క సీటు నుంచి వెంటనే వచ్చే సలహా ఒకటే: ‘కిల్ చేసి కొత్త సెషన్ పెట్టుకో.’ ఈ సలహా నాకు ఎప్పుడూ మింగుడుపడదు. నల్లబడ్డ తెర వెనకాల రాత్రి పెట్టిన సిమ్యులేషన్ ఇంకా నడుస్తూ ఉండొచ్చు. సేవ్ చేయని ఫైలు ఎడిటర్లో భద్రంగా ఉండొచ్చు. కిల్ అనే ఒక్క మాటతో అవన్నీ పోతాయి. చెడింది ఏ చిన్న ముక్కో తెలుసుకోవడానికి తరచుగా అయిదు నిమిషాలు చాలు.

ఇంట్లో టీవీ కట్టేస్తే స్టేడియంలో మ్యాచ్ ఆగదు కదా, వీఎన్‌సీ పద్ధతీ అంతే. కేంబ్రిడ్జ్‌లోని ఒలివెట్టి పరిశోధనాశాలలో పుట్టి 1998లో అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చిన ఈ సాఫ్ట్‌వేరులో, మన ల్యాప్‌టాప్‌లో ఉండే వ్యూయర్ ఏదీ దాచుకోదు. ‘తెర మీద ఏం మారింది?’ అని అడగడం, వచ్చిన బొమ్మను చూపించడం, మన కీబోర్డు, మౌస్ కదలికలను అవతలికి పంపడం, అంతవరకే దాని పని. డెస్క్‌టాప్ మొత్తం సర్వర్ మెమరీలో ఉంటుంది. అక్కడ ఎక్స్‌వీఎన్‌సీ అనే ప్రోగ్రాము రెండు వైపులా పనిచేస్తుంది. యూనిక్స్ ప్రపంచంలో విండోలు గీసే ఏర్పాటైన ఎక్స్ విండో సిస్టమ్ 1984లో ఎంఐటీలో మొదలైంది. ఎక్స్‌వీఎన్‌సీ సర్వర్లోని ప్రోగ్రాములకు ఒక ఎక్స్ డిస్‌ప్లేలా కనిపిస్తుంది. బయటి నుంచి వచ్చే వ్యూయర్‌కు వీఎన్‌సీ సర్వర్‌లా జవాబిస్తుంది. మానిటరే లేని ఈ తెర ముందు ఎవరూ కూర్చోకపోయినా ప్రోగ్రాములు దాని మీద గీస్తూనే ఉంటాయి.

కాబట్టి కనెక్షన్ కుదరనప్పుడు ముందు దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా మామూలుగా సర్వర్‌లోకి వెళ్లి, మీ పేరుతో నడుస్తున్న ప్రోగ్రాముల జాబితాలో ఎక్స్‌వీఎన్‌సీ ఉందో లేదో చూడాలి. ఉంటే మీ సెషన్ బతికే ఉందని ధైర్యంగా అనుకోవచ్చు. తేడా దారిలో ఉంది. ప్రతి సెషన్‌కూ ఒక డిస్‌ప్లే నంబరు ఉంటుంది. దానికి 5900 కలిపితే పోర్టు నంబరు వస్తుంది. ఒకటో డిస్‌ప్లేకు 5901, ఏడో డిస్‌ప్లేకు 5907. నంబరు తప్పు కొట్టి పక్కవాళ్ల సెషన్ తలుపు తడుతూ, పాస్‌వర్డ్ పనిచేయట్లేదని కంగారుపడేవాళ్లు ఉంటారు. ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ తెగిపోయి ఉండొచ్చు, ఫైర్‌వాల్ అడ్డుపడి ఉండొచ్చు. ‘టూ మెనీ సెక్యూరిటీ ఫెయిల్యూర్స్’ అని వచ్చిందంటే తప్పు పాస్‌వర్డ్‌లు ఎక్కువయ్యాయని అర్థం. టైగర్‌వీఎన్‌సీ అనే వీఎన్‌సీ రకంలో మామూలుగా అయిదుసార్లు తప్పితే ఆ కంప్యూటర్‌ను పది సెకన్లు దూరం పెడుతుంది, మళ్లీ తప్పితే ఆ గడువు రెట్టింపవుతూ పోతుంది. ఊరికే కాసేపు ఆగాలి. పాస్‌వర్డే మర్చిపోతే ఎస్‌ఎస్‌హెచ్‌లోంచి కొత్తది పెట్టుకోవచ్చు. సెషన్‌ను ముట్టుకోనక్కర్లేదు.

నల్లతెర సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కనెక్షన్ కుదిరింది, పాస్‌వర్డ్ సరిపోయింది, తెర మాత్రం ఖాళీ. అంటే ఎక్స్‌వీఎన్‌సీ బాగానే ఉంది. దాని మీద కూర్చున్న డెస్క్‌టాప్‌లో ఏదో పడిపోయింది. యూనిక్స్‌లో డెస్క్‌టాప్ అనేది ఒకే ముద్ద కాదు. విండోలకు అంచులు, టైటిల్ పట్టీ పెట్టి, వాటిని జరిపే పని విండో మేనేజర్‌ది. కింద పట్టీ, మెనూ ప్యానెల్‌వి. స్క్రీన్ లాక్ ఇంకో ప్రోగ్రాము. ఇవన్నీ విడివిడిగా నడుస్తాయి, విడివిడిగా చస్తాయి. విండో మేనేజర్ పోయినప్పుడు విండోలు పోవు. అంచులూడిపోయి, ఒకదాని మీద ఒకటి పడి, టైపు చేస్తే ఎక్కడికి పోతుందో తెలియకుండా నిలబడిపోతాయి. ఎస్‌ఎస్‌హెచ్ కిటికీలో మీ డిస్‌ప్లే పేరు, ఒకటోదైతే ‘:1’ అని చెప్పి, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వాడేవాళ్లయితే దాని విండో మేనేజర్ ఎక్స్ఎఫ్‌డబ్ల్యూఎం4ను ‘రీప్లేస్’ అనే మాటతో మళ్లీ నడిపి చూడండి. టైటిల్ పట్టీలు తిరిగి వచ్చి, విండోలు చెప్పినట్టు వింటాయి. ఎడిటర్లో సగంలో ఆపిన వాక్యం కూడా అలాగే ఉంటుంది. స్క్రీన్ లాక్ ఇరుక్కుపోతే ఆ ఒక్క ప్రోగ్రామునే ఆపితే చాలాసార్లు సరిపోతుంది.

కొత్తగా పెట్టిన సెషనే మొదటి నుంచీ నల్లగా లేదా బూడిదరంగులో ఉంటే కథ వేరు. డెస్క్‌టాప్‌ను మొదలుపెట్టే ‘ఎక్స్‌స్టార్టప్’ ఫైలు తప్పుగా ఉండటమో, దానికి నడిచే అనుమతి లేకపోవడమో సాధారణ కారణాలు. హోమ్ డైరెక్టరీ కోటా నిండిపోవడం అన్నిటికన్నా మోసపుచ్చే కారణం. ఆ స్థితిలో అనుమతి తాళంచెవిలా పనిచేసే ‘ఎక్స్అథారిటీ’ ఫైలును రాయడానికే చోటుండదు, డెస్క్‌టాప్ లేవలేక కూలిపోతుంది. కారణం లాగ్ ఫైల్లో రాసే ఉంటుంది, ఆ ఫైలు రాయడానికైనా జాగా మిగిలుంటే. అందుకే ఇలాంటప్పుడు కోటా ముందు చూడటం మేలు.

సర్వర్‌కు కరెంటు పోయి మళ్లీ వచ్చాక ఇంకో చిక్కు ఎదురవుతుంది. ఒకటో డిస్‌ప్లే ఖాళీగా లేదంటుంది, చూస్తే అక్కడ ఎవరూ ఉండరు. ప్రతి ఎక్స్ సర్వర్ తాత్కాలిక ఫైళ్లుండే టీఎంపీ డైరెక్టరీలో ఒక లాక్ ఫైలు పెట్టి, అందులో తన ప్రాసెస్ నంబరు రాసుకుంటుంది. పద్ధతిగా ఆగితే దాన్ని తీసేసి పోతుంది. ఉన్నట్టుండి పోతే ఆ ఫైలు మిగిలిపోవచ్చు. దాన్ని చెరిపే ముందు అందులోని నంబరు చదివి, ఆ నంబరుతో ఇప్పుడు ఏం నడుస్తోందో చూడండి. ఆ నంబరు ఈపాటికి వేరే ప్రోగ్రాముకు దక్కి ఉండొచ్చు. అక్కడ ఎక్స్‌వీఎన్‌సీ లేదని తేలాకే ఫైలు తీయాలి. దీనికి తలకిందులు కూడా జరుగుతుంది. టీఎంపీలో పాత ఫైళ్లను ఊడ్చే ప్రోగ్రాము, బతికున్న సెషన్ లాక్ ఫైలునే ఎత్తుకుపోతుంది. దీర్ఘకాలం నడిచే సెషన్లకే ఈ గండం. సర్వర్ చూసుకునేవాళ్లు ఎక్స్ ఫైళ్ల జోలికి పోవద్దని ఊడ్చే ప్రోగ్రాముకు చెప్పి ఉంచాలి.

ఎస్‌ఎస్‌హెచ్‌లోంచి బయటికి రాగానే సెషన్ కూడా మాయమైపోతోందా? లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో 2016లో వచ్చిన 230వ వెర్షన్, లాగౌట్ అయినవాళ్ల ప్రోగ్రాములన్నిటినీ చంపేయడాన్ని మామూలు పద్ధతిగా మార్చింది. పెద్ద దుమారమే రేగింది. డెబియన్ ఆ మార్పును వెనక్కి తిప్పింది. మీ సర్వర్లో ‘కిల్‌యూజర్‌ప్రాసెసెస్’ అనే సెట్టింగ్ ఎలా ఉందో అడగండి. అది ఆన్‌లో ఉంటే మీ ఖాతాకు లాగౌట్ తర్వాత కూడా సర్వీసులు నడిచే ‘లింగర్’ అనుమతి ఇప్పించుకుని, సెషన్‌ను సిస్టమ్‌డీ సర్వీసుగా మొదలుపెట్టుకోవాలి.

నిజంగా కిల్ చేయక తప్పని రోజులూ వస్తాయి. అప్పుడు వీఎన్‌సీసర్వర్‌కు ఉన్న కిల్ ఆదేశమే వాడండి. తొమ్మిదో నంబరు సిగ్నల్‌తో కొడితే సర్దుకునే అవకాశం ఇవ్వకుండా చంపుతుంది, లాక్ ఫైలు మళ్లీ మిగిలిపోతుంది. రోజుల తరబడి నడిచే పనులను, వాటికి తెర అవసరం లేకపోతే, మొదటి నుంచే టెర్మినల్ మూసినా పనిని నడిపే టీమక్స్‌లోనో స్క్రీన్ అనే ప్రోగ్రాములోనో పెట్టండి. స్క్రీన్ 1987 నుంచీ ఈ పని చేస్తోంది. అందులో పెట్టిన సిమ్యులేషన్‌కు వీఎన్‌సీతో లంకె ఉండదు. డెస్క్‌టాప్ కూలినా సాధారణంగా అది నడుస్తూనే ఉంటుంది. కొత్త సెషన్ పెట్టుకుని, టెర్మినల్ తెరిచి, దానికి మళ్లీ అటాచ్ అయితే సరి.