రెయిడ్‌లో ఒక డిస్క్ పోతే ముందు ఏం చేయాలి?

భద్రాచలం వైపు ఫొటో స్టూడియో నడిపే ఒక అన్న అడిగారు: "తమ్ముడూ, లినక్స్ రెయిడ్ వన్‌లో ఒక డిస్క్ పోయింది. పెళ్లి వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి, ఎట్లా?"

కంగారు పడకండి అన్నా. రెయిడ్ వన్‌లో రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉంటుంది. ప్రాక్ ఎండీస్టాట్ ఫైల్ తెరవండి. ఒక 'యూ', ఒక అండర్‌స్కోర్ కనిపిస్తే ఒక డిస్క్ ఇంకా పనిచేస్తోందన్నమాట.

ఇక్కడే చాలామంది వెంటనే కొత్త డిస్క్ పెట్టేస్తారు. రీబిల్డ్ అంటే మిగిలిన డిస్క్‌ని మొదటి నుంచి చివరి దాకా చదవడం. అదీ పాతదే కదా, మధ్యలో పోతే? అందుకే ముందు వీడియోలు వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి.

తర్వాత బాగున్న డిస్క్ సీరియల్ నంబర్ స్మార్ట్‌సీటీఎల్‌తో చూసి రాసుకోండి. సిస్టమ్ ఆపి, ఆ నంబర్ లేనిదాన్నే తీయండి. అంతే సైజు లేదా పెద్ద డిస్క్ పెట్టి, ఎండీఆడమ్ యాడ్‌తో కలపండి. క్రియేట్ కమాండ్ జోలికి మాత్రం పోవద్దు, అది పాత రెయిడ్ వివరాల మీద కొత్తవి రాసేస్తుంది.

ఇంకో మాట. భద్రాచలంలో మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకు ఇస్తారు. 2022 జూలైలో గోదావరి 71 అడుగులు దాటింది. నీళ్లొస్తే ఒకే పెట్టెలోని రెండు డిస్కులూ కలిసే మునుగుతాయి. రెయిడ్ ఉంటే బ్యాకప్ ఉన్నట్టు కాదు. ఒక కాపీ ఖమ్మంలో చుట్టాలింట్లో పెట్టండి.