తిమ్మిరే కదా అనుకున్నా!

రాత్రి రెండింటికి కుడిచెయ్యి మొద్దుబారి మెలకువ వచ్చేది. నాలుగుసార్లు విదిలిస్తే సర్దుకునేది. ఇరవై ఏళ్లుగా కీబోర్డు మీద బతుకుతున్నవాణ్ని, ఇది మామూలేలే అనుకుని ఎనిమిది నెలలు గడిపేశాను. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమయ్యాక ఇక మా ఆవిడ ఊరుకోలేదు.

ఇక్కడ డాలస్‌లో న్యూరాలజిస్టు రెండు పరీక్షలు రాశారు. నరాల వేగం చూసేది ఎన్‌సీఎస్, కండరాల్లోని విద్యుత్తును చూసేది ఈఎంజీ. ఎమ్మారైలో నరం ఆకారం కనిపిస్తుంది, అది ఎలా పనిచేస్తోందో తెలియాలంటే ఇవి కావాలన్నారు. ఇంటికొచ్చి నెట్‌లో వెతికితే అన్నీ పెద్ద జబ్బుల పేర్లే. గుంటూరు నుంచి అమ్మ వీడియో కాల్‌లో, "చేతికి కరెంటు పెడతారా? వద్దు నాన్నా, ఇక్కడికొచ్చెయ్, చూపిద్దాం" అంది. నిజం చెప్పొద్దూ, నేనూ భయపడ్డాను. డిడక్టిబుల్ సాకుతో అపాయింట్‌మెంట్ ఒకసారి వాయిదా వేశాను.

తీరా వెళ్తే, టెక్నీషియన్ ముందు నా చెయ్యి వెచ్చబెట్టింది. చర్మం చల్లగా ఉంటే నరం వేగం తక్కువ చూపిస్తుందట. ఎలక్ట్రోడ్లు అంటించి చిన్న షాకులు ఇచ్చింది. చలికాలంలో కారు తలుపు ముట్టుకుంటే చుర్రుమంటుందే, అలా. ముంజేతిలో సిగ్నల్ సెకనుకు 50 మీటర్లకు పైగా పరుగెత్తింది. మణికట్టు దాటేటప్పుడే ఆలస్యం. దాన్ని వాళ్లూ 'లేటెన్సీ' అనే అంటారు. సర్వర్ల విషయంలో రోజూ వినే మాట నా చేతికే వచ్చింది!

తర్వాత డాక్టరు సన్నని సూదితో కండరాలు చూశారు. ఈ సూదితో కరెంటు ఇవ్వరు, కండరం చప్పుడు వింటారంతే. భుజం, ముంజేయి నిశ్శబ్దంగా ఉన్నాయి. బొటనవేలి మొదట్లో గుచ్చగానే స్పీకర్‌లో రేకుల కప్పు మీద చినుకులు పడ్డట్టు చప్పుడు. నరం అందని కండర పోగులు చేసే శబ్దమట అది. సమస్య మెడలో కాదు, నేను భయపడ్డ జబ్బూ కాదు. మణికట్టులో మీడియన్ నరం నలిగిపోతోంది. పేరు కార్పల్ టన్నెల్.

"తిమ్మిరి మొదలైనప్పుడే వచ్చుంటే రాత్రిపూట స్ప్లింటుతో సరిపోయేదేమో. ఇప్పుడు ఆపరేషన్ చేయాలి" అన్నారు.

ఆపరేషన్ జరిగి నాలుగు నెలలైంది. నిద్ర పడుతోంది. బొటనవేలి దగ్గర కరిగిన కండ మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు.

ఈ పరీక్షలకు వెళ్లేరోజు చేతులకు నూనె, లోషను రాసుకోకండి. పేస్‌మేకర్ ఉన్నా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా ముందే చెప్పండి. ఇన్సూరెన్స్ అనుమతి కావాలేమో అడగండి. మన దగ్గరికొచ్చిన అమ్మానాన్నలకు మెదడు పరీక్ష ఈఈజీ రాస్తే, తలస్నానం చేయించి, కొబ్బరినూనె రాయకుండా తీసుకెళ్లండి. అందులో షాకులే ఉండవు.

షుగర్ ఉన్నవాళ్లకు ఈ మణికట్టు సమస్య వచ్చే అవకాశం ఎక్కువ. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిళ్లు తిమ్మిరెక్కుతుంటే డాక్టరుకు చూపించడం ఆలస్యం చేయకండి. నేను ఎనిమిది నెలలు ఆలస్యం చేశాను.