రక్తంలో చిన్న మార్పు.. ఎముకలకు ముప్పు

వేరే ఏదో కారణంతో చేయించుకున్న రక్తపరీక్షలో పెద్దవయసు వారికి ఒక్కోసారి అనుకోని ఫలితం వస్తుంది. ఒకే రకానికి చెందిన అసాధారణ ప్రోటీన్ రక్తంలో కనిపిస్తుంది. దీన్ని ఎం-ప్రోటీన్ అంటారు. ఇది డెసిలీటరుకు 3 గ్రాముల కంటే తక్కువగా, ఎముక మజ్జలో ప్లాస్మా కణాలు 10 శాతం కంటే తక్కువగా ఉండి, అవయవాలకు ఈ కణాల వల్ల హాని జరగకపోతే ఆ స్థితిని 'ఎంజీయూఎస్' అంటారు. అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన రాబర్ట్ కైల్ 1978లో ఈ పేరు పెట్టారు. మిన్నెసోటా రాష్ట్రంలోని ఓమ్‌స్టెడ్ కౌంటీలో 50 ఏళ్లు పైబడిన వారిని పరీక్షించగా 3.2 శాతం మందిలో ఇది బయటపడింది.

ఇది క్యాన్సర్ కాదు, దానికి ముందు దశ. ఏటా సుమారు నూటికి ఒకరిలో మాత్రమే ఇది మల్టిపుల్ మైలోమా వంటి వ్యాధిగా మారుతుంది. అందుకే సాధారణంగా మందులేవీ ఇవ్వరు. అప్పుడప్పుడు రక్తపరీక్షలు చేస్తూ గమనిస్తారు. అయితే ఈ స్థితి ఎముకలను పూర్తిగా విడిచిపెట్టడం లేదని పరిశోధనలు చెబుతున్నాయి.

స్వీడన్‌లో 5,326 మంది ఎంజీయూఎస్ బాధితులను ఇతరులతో పోల్చిన అధ్యయనం 2010లో వెలువడింది. అయిదేళ్ల కాలంలో వీరిలో ఎముకలు విరిగే ముప్పు 1.74 రెట్లు ఉన్నట్లు తేలింది. చేతులు, కాళ్ల ఎముకల కంటే వెన్నుపూసలు, కటి, పక్కటెముకల వంటి వాటికే ముప్పు ఎక్కువ. ఊరటనిచ్చే అంశం కూడా ఒకటుంది. ఎముక విరిగినంత మాత్రాన వ్యాధి క్యాన్సర్‌గా మారే అవకాశం పెరగలేదు.

ఇలా ఎందుకు జరుగుతుంది? మన ఎముక నిరంతరం అరుగుతూ, తిరిగి కట్టుకుంటూ ఉంటుంది. పాత ఎముకను ఆస్టియోక్లాస్ట్ కణాలు తొలగిస్తే, కొత్త ఎముకను ఆస్టియోబ్లాస్ట్ కణాలు నిర్మిస్తాయి. మైలోమాలో ప్లాస్మా కణాల ప్రభావంతో వెలువడే కొన్ని రసాయన సంకేతాలు తొలగింపును పెంచుతాయి. డీకేకే-1 అనే ప్రోటీన్ నిర్మాణాన్ని అణచివేస్తుంది. ఇదే ప్రక్రియ స్వల్పస్థాయిలో ఎంజీయూఎస్‌లోనూ మొదలవుతుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. అత్యంత స్పష్టమైన స్కానింగ్‌లతో చూసినప్పుడు వీరి ఎముక వెలుపలి గట్టి పొరలో సూక్ష్మ రంధ్రాలు ఎక్కువగా కనిపించాయి. సాధారణ సాంద్రత పరీక్షలో ఈ రంధ్రాలు విడిగా కనిపించవు. కాబట్టి ఆ పరీక్షలో ఫలితం బాగున్నంత మాత్రాన ముప్పు లేదని చెప్పలేం.

వెన్నుపూస విరిగినా చాలామందికి తెలియదు. వయసుతోపాటు వచ్చే నడుంనొప్పి అనుకుని వదిలేస్తారు. ఎత్తు తగ్గడం, నడుము వంగిపోవడం, కొత్తగా మొదలై తగ్గని వెన్నునొప్పి దీనికి సూచనలు. అలాంటప్పుడు తమకు ఎంజీయూఎస్ ఉందన్న సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. మన దేశంలో విటమిన్-డి లోపం ఎక్కువ కనుక దాన్ని పరీక్షించుకోవడం మేలు. ఆహారంలో తగినంత కాల్షియం, రోజూ నడక, పొగతాగడం మానేయడం, ఇంట్లో జారిపడకుండా జాగ్రత్తలు అవసరం. ఎముకలు గుల్లబారినట్లు తేలితే బిస్ఫాస్ఫోనేట్ మందులు సాంద్రతను పెంచినట్లు చిన్న పరీక్షల్లో వెల్లడైంది. వాటిని వైద్యుల సలహాతోనే వాడాలి.

ఎంజీయూఎస్ ఉన్నవారు రక్తపరీక్షలతో పాటు ఎముకల ఆరోగ్యంపైనా దృష్టి పెడితే, మంచాన పడేసే ఎన్నో గాయాలను ముందే నివారించుకోవచ్చు.