ఎర్రటి నెత్తుట్లో గులాబీ రంగు

"రక్తమే ఎర్రగా ఉంటుంది కదా సార్, అందులో గులాబీ రంగు ఎలా కనిపెడతారు?" డిగ్రీ క్లాసులో ఒకమ్మాయి వేసిన ప్రశ్న ఇది. సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బున్న రోగుల రక్తంలో ఆక్సీకరణ ఒత్తిడిని, అంటే స్వేచ్ఛా రాడికల్స్ చేసే దాడిని, కొలిచే పరీక్ష గురించి చెబుతుంటే అడిగింది. ఆ ప్రశ్న పట్టుకుని పోతే స్పెక్ట్రోఫోటోమీటర్ గుట్టంతా బయటపడుతుంది.

సిగరెట్ ఒక్క దమ్ము పొగలో దాదాపు పది కోట్ల కోట్ల స్వేచ్ఛా రాడికల్స్ ఉంటాయని అంచనా. ఊపిరితిత్తుల్లో వాపు వల్ల చేరే తెల్లకణాలు ఇంకొన్ని పుట్టిస్తాయి. వీటిలో చాలావాటి ఆయుష్షు క్షణంలో ఎన్నో వంతో! నేరుగా పట్టుకోవడం మహా కష్టం. అయితే కణాల పొరల్లోని కొవ్వును పాడుచేసి మాలాన్‌డైఆల్డిహైడ్ అనే చిన్న అణువును వదిలిపోతాయి. నిల్వ నూనె పాడైనా ఇదే పుడుతుంది. అందుకే ఆహార పరిశోధకులూ ఈ పరీక్షే చేస్తారు.

ముందు రక్తాన్ని గిర్రున తిప్పి కణాలను తీసేస్తాం. మిగిలేది పసుపుపచ్చని ప్లాస్మా. అందులో ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం పోస్తే ప్రొటీన్లు విరిగి అడుగుకు దిగుతాయి. పైతేటలో థయోబార్బిట్యూరిక్ ఆమ్లం కలిపి మరిగే నీళ్లలో ఉంచితే, దాని అణువులు రెండు ఒక మాలాన్‌డైఆల్డిహైడ్‌ను చెరోవైపు పట్టుకుంటాయి. అప్పుడు పుడుతుంది గులాబీ రంగు! కంటికి గులాబీగా కనిపించడమంటే ఆకుపచ్చ కాంతిని మింగేయడమే. సరిగ్గా 532 నానోమీటర్ల దగ్గర ఆ ఆకలి ఎక్కువ. లీటరుకు 72 మైక్రోగ్రాముల మాలాన్‌డైఆల్డిహైడ్ చాలు, సెంటీమీటరు మందమున్న క్యువెట్ అనే చిన్న పాత్రను దాటేసరికి ఆ కాంతిలో 30 శాతం మాయం. ఈ లెక్క వేసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆ తగ్గుదలను కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌కు మంచి పుట్టుక కథ ఉంది. కాలిఫోర్నియాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ నిమ్మరసం పులుపు కొలవడానికి పీహెచ్ మీటర్ చేశాడు. అందులోని యాంప్లిఫయరే తర్వాత ఫోటోట్యూబ్‌లో పుట్టే అతి సన్నని కరెంటును పెద్దది చేసే పనికొచ్చింది. హోవర్డ్ కారీ బృందం దానికి క్వార్ట్జ్ పట్టకం జోడించింది. దీపపు కాంతిని పట్టకం రంగులుగా విడదీస్తే, సన్నని చీలిక కావలసిన రంగును మాత్రమే పోనిస్తుంది. అలా 1941లో డీయూ మోడల్ బజారుకొచ్చింది.

ఇక ఆ అమ్మాయి అనుమానం నూటికి నూరుపాళ్లూ న్యాయమైనదే. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చితికితే హీమోగ్లోబిన్ కూడా 540 నానోమీటర్ల ప్రాంతంలో కాంతిని మింగుతుంది. దాని ఇనుము వేడిలో కొత్త మాలాన్‌డైఆల్డిహైడ్‌ను పుట్టించగలదు కూడా. కొన్ని చక్కెరలూ, సియాలిక్ ఆమ్లమూ లెక్కను చెడగొడతాయి. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో మారో, రాబర్ట్స్ 1990లో, కొవ్వు ఇలా పాడైనప్పుడే పుట్టే ఐసోప్రోస్టేన్లను గుర్తించాక నమ్మకమైన సూచికగా వాటికే పేరొచ్చింది. కానీ వాటిని కచ్చితంగా కొలవాలంటే ఖరీదైన మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి. చిన్న ప్రయోగశాలల్లో ఇప్పటికీ గులాబీ రంగుదే రాజ్యం. సీఓపీడీ రోగుల్లో ఈ అంకె సగటున ఎక్కువే ఉంటుంది, మధుమేహంలోనూ అంతే. కాబట్టి సీఓపీడీని నిర్ధారించే పని ఊపిరిని కొలిచే స్పైరోమీటర్‌దే.