ఐడియా చెబితే పోతుందా?

'అదిరిపోయే ఐడియా ఉందిరా... కానీ చెప్పను. చెబితే కొట్టేస్తారు!' ఇంజినీరింగ్ కాలేజీ క్యాంటీన్లలో, మాదాపూర్ టీ కొట్ల దగ్గర తరచూ వినిపించే మాట ఇది. చెబితే పోతుందన్న భయం ఒకవైపు, చెప్పకపోతే చెయ్యి కలిపేవాళ్లు దొరకరన్న దిగులు మరోవైపు. మరి ఈ దారిలో ముందు నడిచినవాళ్లు ఏం చేశారు?

మన ఇళ్లలో ఓ అలవాటుంది. పని పూర్తయ్యేదాకా నోరు విప్పకూడదు. స్థలం కొన్నా, సంబంధం కుదిరినా, వీసా వచ్చినా... చేతికి అందాకే నలుగురికీ చెప్పాలి. లేకపోతే దిష్టి! స్థలం విషయంలో ఆ జాగ్రత్త మంచిదేనేమో. సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలనుకునేవారికి మాత్రం అదే పెద్ద చిక్కు. ప్రోగ్రామ్ రాయడం వచ్చిన కుర్రాడికి అమ్మడం రాదు. అమ్మడం తెలిసిన అమ్మాయికి ప్రోగ్రామ్ రాయడం రాదు. రెండూ తెలిసినా పగలంతా ఉద్యోగం చేసి రాత్రి పదింటికి కంప్యూటర్ ముందు కూర్చుంటే పని సాగేది ఎంత? అందుకే తోడు కావాలి. తోడు కావాలంటే చెప్పాలి.

ఓ రకంగా ఇది పెళ్లి సంబంధం చూసుకోవడమే. 'మంచి సంబంధం చూడండి. కానీ అబ్బాయి పేరు, ఊరు, ఉద్యోగం మాత్రం అడక్కండి' అంటే ఏ పేరయ్య మాత్రం ఏం చేస్తాడు!

గ్యారేజీలో సంత

1975 మార్చి 5. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, మెన్లో పార్క్. గోర్డన్ ఫ్రెంచ్ అనే ఇంజినీర్ ఇంటి గ్యారేజీలో ముప్పై మంది దాకా చేరారు. ఆ ఏడాది జనవరిలోనే 'పాపులర్ ఎలక్ట్రానిక్స్' పత్రిక ముఖచిత్రంగా 'ఆల్టెయిర్ 8800' అనే కంప్యూటర్ వచ్చింది. విడిభాగాలు తెప్పించుకుని ఇంట్లోనే బిగించుకోవచ్చు. దాని గురించి మాట్లాడుకోవాలన్న ఉత్సాహమే వాళ్లను అక్కడికి రప్పించింది. అలా మొదలైందే 'హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్'.

జనం పెరగడంతో సమావేశాలు తర్వాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఓ పరిశోధన కేంద్రం హాలుకు మారాయి. లీ ఫెల్సెన్‌స్టీన్ అనే ఇంజినీర్ వాటిని నడిపేవారు. ఆయన పద్ధతి చూడముచ్చటగా ఉండేది. మొదటి భాగంలో ఎవరైనా లేచి నిలబడి తన దగ్గర ఏముందో, తనకేం కావాలో క్లుప్తంగా చెప్పాలి. 'నేనిది తయారుచేస్తున్నాను... ఇక్కడ ఆగిపోయాను' అనో, 'నా దగ్గర ఫలానా చిప్‌లు ఉన్నాయి' అనో. అది అయ్యాక రెండో భాగం. అందరూ లేచి ఎవరికి కావలసినవాళ్ల దగ్గరికి వాళ్లు వెళ్లిపోవడమే! అచ్చం మన వారపు సంతలాగే. కాకపోతే అక్కడ చేతులు మారేది కూరగాయలు కాదు... సర్క్యూట్ బొమ్మలు, సలహాలు.

ఆ సంతలో బిడియంగా ఓ పక్కన ఉండే కుర్రాడు స్టీవ్ వోజ్నియాక్. హ్యూలెట్ ప్యాకర్డ్‌లో ఉద్యోగి. తీరిక వేళల్లో సొంతంగా ఓ కంప్యూటర్ రూపొందించి, దాన్ని క్లబ్బుకు పట్టుకొచ్చేవాడు. దాచుకోకపోగా ఆ సర్క్యూట్ నకళ్లను అడిగినవారికల్లా ఉచితంగా పంచాడు. తన కంపెనీకీ చూపించాడు. వాళ్లు వద్దన్నారు. అది చూసి 'ఈ బోర్డుల్ని మనమే చేసి అమ్మితే?' అన్నది మిత్రుడు స్టీవ్ జాబ్స్. 1976 ఏప్రిల్ 1న యాపిల్ పుట్టింది. 'బైట్ షాప్' అనే దుకాణం నడిపే పాల్ టెరెల్ 50 కంప్యూటర్లు కావాలన్నారు... అదీ పూర్తిగా బిగించి ఇస్తేనే. అదే యాపిల్‌కు తొలి పెద్ద బేరం.

ఇక్కడ ఒకటి గమనించాలి. నకళ్లు పట్టుకెళ్లినవాళ్లు ఎందరో ఉన్నా యాపిల్ మాత్రం ఒక్కటే వచ్చింది. కాగితం మీది సర్క్యూట్‌ని కంపెనీగా మార్చడానికి వోజ్నియాక్ చెయ్యి ఉండాలి, జాబ్స్ నోరు ఉండాలి, టెరెల్ ఆర్డరు ఉండాలి. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరి దగ్గరా మిగతా రెండూ లేవు.

దీపావళికి దొరకని టికెట్

అంత దూరం ఎందుకు... మన నిజామాబాద్ జిల్లా కుర్రాడు సామ ఫణీంద్ర కథే చూడండి. బిట్స్ పిలానీలో చదివి బెంగళూరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఉద్యోగం చేస్తున్నారు. 2005 దీపావళికి ఇంటికి వెళ్లాలనుకున్నారు. ఏ ట్రావెల్ ఏజెంటును అడిగినా టికెట్ లేదన్నదే సమాధానం. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో ఏజెంటుకే తెలియదు!

ఆ చికాకును ఆయన మనసులోనే పెట్టుకోలేదు. గదిలో మిత్రులందరికీ చెప్పారు. ఒకే కాలేజీ, ఒకే ఇంట్లో కాపురం, తలా ఓ ఉద్యోగం. ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లకు సాఫ్ట్‌వేర్ రాయడం పెద్దగా తెలియదు. పుస్తకాలు ముందేసుకుని శని, ఆదివారాల్లో నేర్చుకున్నారు. బస్సుల యజమానుల దగ్గరికెళ్లి 'ఈ సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తాం, వాడుకోండి' అన్నారు. ఉచితమన్నా వాళ్లకు ఆసక్తి కలగలేదు. సాఫ్ట్‌వేర్ ఎవరిక్కావాలి... సీట్లు అమ్మిపెడితే చాలు వాళ్లకు!

అప్పుడే ఆ కుర్రాళ్లు 'టై' సంస్థ తలుపు తట్టారు. కొత్త వ్యాపారులకు అనుభవజ్ఞులు దారి చూపడం కోసం 1992లో సిలికాన్ వ్యాలీలో భారత సంతతివారు మొదలుపెట్టిన సంస్థ అది. బెంగళూరు శాఖలోని పెద్దలు ఈ కుర్రాళ్ల ఆలోచన విని ప్రశ్నలతో ఉతికి ఆరేశారు. ఐడియాను బయటపెట్టడం వల్ల వచ్చే అసలు లాభం అదేనని నాకనిపిస్తుంది. ఇంట్లో చెబితే అమ్మ 'బాగుంది నాన్నా' అంటుంది. మేనమామ 'ఉన్న ఉద్యోగం చూసుకో' అంటాడు. రెండూ ప్రేమతో అన్నవే కానీ రెండూ పనికొచ్చేవి కావు.

2006 ఆగస్టులో రెడ్‌బస్ మొదలైంది. ఉద్యోగాలు వదిలేసి చివరిదాకా నిలబడినవారు ముగ్గురు... ఫణీంద్ర, సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు. 2013లో ఐబిబో గ్రూపు ఆ కంపెనీని కొనేసింది. ఫణీంద్ర 2018లో తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్ అయ్యారు.

తేనెటీగ నేర్పిన లెక్క

ఇదంతా ఇంగ్లిషు చదువుల వ్యవహారం అనుకోకండి. ఆలేరు దగ్గరి శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువు ఆపేసిన చేనేత కుటుంబీకుడు. పోచంపల్లి తరహా చీర నేయడానికి ముందు ఆసు పోయాలి. కొయ్యల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ ఒక్క చీరకే సుమారు 9,000 సార్లు చెయ్యి ఆడించాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పితో పడే బాధ చూడలేక ఆయన యంత్రం తయారీకి పూనుకున్నారు. ఏళ్ల తరబడి అప్పులు, అవహేళనలు, ఆగిపోయిన పని. చివరికి 1999లో 'లక్ష్మీ ఆసు యంత్రం' పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథ సినిమాగానూ వచ్చింది.

ఆ యంత్రం సంగతి ఊరు దాటి బయటి ప్రపంచానికి చేరడంలో 'పల్లె సృజన' వంటి సంస్థల పాత్ర ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఈ సంస్థకు ఆచార్య అనిల్ గుప్తా మొదలుపెట్టిన 'హనీబీ నెట్‌వర్క్'తో అనుబంధం. ఆ పేరులోనే వాళ్ల సూత్రం ఉంది. తేనెటీగ పువ్వు నుంచి మకరందం తీసుకుంటుంది... పువ్వుకు నష్టం చేయదు. పైగా ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు చేరుస్తుంది. అలాగే పల్లెటూరి ఆవిష్కర్త తెలివిని ఆయన అనుమతి లేకుండా వాడకూడదు. వాడితే పేరు చెప్పాలి. లాభం వస్తే వాటా ఇవ్వాలి. పంచుకోవడమంటే పోగొట్టుకోవడం కాదని చెప్పడానికి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ నాకు దొరకలేదు.

భయం ఉత్తదేనా?

కాదు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కామెరాన్, టైలర్ వింకిల్‌వాస్ అనే కవలలు, వారి మిత్రుడు దివ్య నరేంద్ర కలిసి విద్యార్థుల కోసం ఓ వెబ్‌సైట్ తేవాలనుకున్నారు. ప్రోగ్రామ్ రాసేవాళ్లు కావాలి. 2003 నవంబరులో మార్క్ జుకర్‌బర్గ్‌ను సాయం అడిగారు. ఆయన సరేనన్నారు. 2004 ఫిబ్రవరి 4న ఫేస్‌బుక్ వచ్చింది! తమ ఆలోచనను తీసుకున్నారంటూ వాళ్లు కోర్టుకెక్కారు. జుకర్‌బర్గ్ కాదన్నారు. హాస్టల్ గదిలో చెప్పుకున్న కబుర్లు ఒప్పందం కిందికి రావన్న అర్థంలో 2007లో న్యాయమూర్తి ఒకరు వ్యాఖ్యానించారు. 2008లో నగదు, షేర్లు కలిపి సుమారు ఆరున్నర కోట్ల డాలర్లకు రాజీ కుదిరినట్టు వార్తలొచ్చాయి.

తప్పెవరిదో మనం తేల్చలేం. ఒక్కటి మాత్రం స్పష్టం. వాళ్ల ప్రాజెక్టుకు కావలసిన అసలు పని... అంటే ప్రోగ్రామ్ రాయడం... వాళ్ల చేతుల్లో లేదు. రాతపూర్వకమైన కాగితమూ లేదు. ఐడియా చెప్పడం కాదు, ఈ రెండూ లేకుండా చెప్పడమే వాళ్లను దెబ్బతీసింది.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. మన దేశంలో కాపీరైట్ ఆలోచనకు వర్తించదు. ఆ ఆలోచనను మీరు ఏ రూపంలో పెట్టారో దానికే వర్తిస్తుంది. ఓ నాటకానికీ ఓ సినిమాకూ మధ్య తలెత్తిన ఆర్.జి.ఆనంద్ కేసులో 1978లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. 'ఊళ్లో వంటవాళ్లను ఇళ్లతో కలిపే యాప్' అన్న ఆలోచన ఎవరి సొంతమూ కాదు. మీరు రాసిన ప్రోగ్రామ్ మాత్రం మీదే.

కొత్త యంత్రమో పరికరమో కనిపెట్టినవారి సంగతి వేరు. మన పేటెంటు చట్టం ప్రకారం దరఖాస్తుకు ముందే దాన్ని బహిరంగంగా వెల్లడిస్తే కొత్తదనం పోయిందంటారు. మినహాయింపులు చాలా తక్కువ. అందుకే సభల్లో చూపించేముందు తాత్కాలిక దరఖాస్తు వేయడం మేలు. వ్యక్తులకు ఆన్‌లైన్ రుసుము 1,600 రూపాయలు. పూర్తి వివరాలు ఇవ్వడానికి పన్నెండు నెలల గడువుంటుంది. అదే వ్యాపార పద్ధతికీ, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కూ అయితే పేటెంటు రాదు. కాబట్టి యాప్ ఆలోచన చెప్పినందుకు పోయే పేటెంటేమీ లేదు!

ఎంత చెప్పాలి?

'నా దగ్గర ఐడియా ఉంది. ప్రోగ్రామ్ రాసేవాళ్లు కావాలి. పది శాతం వాటా ఇస్తా'... ఇలా అడిగేవాళ్లు లెక్కలేనంతమంది. పని తెలిసినవారెవరూ దీనికి తలూపరు. ఊపకూడదు కూడా. పొలం లేదు, నాగలి లేదు... పంటలో నాకు తొంభై బస్తాలు అన్నట్టుంటుంది!

దాని బదులు సమస్య ఏమిటో చెప్పండి. అది ఎవరికుందో, ఎంతమందితో స్వయంగా మాట్లాడారో చెప్పండి. మీ చేత్తో చేసింది ఎంత చిన్నదైనా చూపించండి. ముఖ్యంగా మీకేం రాదో దాచకండి. ఎదుటివారు చెయ్యి వేయాల్సింది సరిగ్గా అక్కడే కదా. ఖాతాదారుల వివరాలు, ధరల లెక్కలు, ప్రోగ్రామ్‌లోని కీలకభాగం మాత్రం ఒప్పందం అయ్యేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. రహస్య ఒప్పందం మీద సంతకం చేస్తేనే చెబుతానంటే భాగస్వామి ఒప్పుకోవచ్చు. పెట్టుబడి పెట్టేవారు సాధారణంగా ఒప్పుకోరు... రోజూ అలాంటివి ఎన్నో వింటారు మరి.

చెప్పడానికి చోటూ కరువు కాదు. 2015 నవంబరులో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో మొదలైన టీ-హబ్ 2022లో రాయదుర్గంలోని పెద్ద భవనానికి మారింది. మహిళల కోసం 2018లో వీ-హబ్ వచ్చింది. యంత్రాల నమూనాలు చేసుకోవాలంటే 2023లో మొదలైన టీ-వర్క్స్ ఉంది. మంగళగిరిలో 2025లో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభమైంది.

ఉద్యోగంలో ఉన్నవారు మాత్రం ముందు తమ నియామక పత్రాన్ని ఒకసారి బయటికి తీయాలి. ఉద్యోగకాలంలో మీరు తయారుచేసింది కంపెనీకే చెందుతుందన్న షరతు చాలా పత్రాల్లో ఉంటుంది. పోటీ కంపెనీలకూ పనిచేస్తున్నారంటూ 2022లో విప్రో 300 మందిని తొలగించింది. అదే ఏడాది స్విగ్గీ మాత్రం తన ఉద్యోగులు షరతులకు లోబడి వేరే ప్రాజెక్టులు చేసుకోవచ్చంది. కంపెనీని బట్టి నియమం మారుతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ మీద మాత్రం సొంత పని ఒక్క వరుస కూడా రాయొద్దు.

తోడు దొరికాక వాటాల మాట. స్నేహితుల మధ్య డబ్బు ప్రస్తావన ఎందుకని మొహమాటపడి చెడిపోయిన జట్లు ఎన్నో. సిలికాన్ వ్యాలీలో ఎక్కువగా పాటించే పద్ధతి ఒకటుంది. వాటా ఒకేసారి చేతికి రాదు. నాలుగేళ్లలో విడతలుగా వస్తుంది. మొదటి ఏడాది పూర్తికాకుండా వెళ్లిపోతే ఏమీ రాదు. రెండు నెలలు ఉత్సాహంగా పనిచేసి మాయమైన మిత్రుడు సగం కంపెనీకి యజమానిగా మిగిలిపోకుండా ఉండటానికే ఈ ఏర్పాటు.

అన్నట్టు, యాపిల్‌ను మొదలుపెట్టింది ఇద్దరు కాదు, ముగ్గురు. మూడో వ్యక్తి రొనాల్డ్ వేన్. భాగస్వామ్య ఒప్పందం రాసిందీ, తొలి లోగో గీసిందీ ఆయనే. వాటా పది శాతం. అప్పుల భయంతో పన్నెండు రోజులకే తప్పుకుని, తన వాటాకు 800 డాలర్లు తీసుకున్నారు. తన దగ్గరున్న ఒప్పందపు కాగితాన్నీ తర్వాతెప్పుడో 500 డాలర్లకు అమ్మేశారు. 2011 డిసెంబరులో న్యూయార్క్ వేలంలో ఆ కాగితాలు పలికిన ధర దాదాపు 16 లక్షల డాలర్లు.