పొయ్యి నవ్వుతోందా, బెదిరిస్తోందా?

పొయ్యిలో కట్టె "సుయ్... ఫుర్ర్..." మందంటే చాలు, మా అత్తయ్యగారు ఎసట్లోకి ఇంకో గుప్పెడు బియ్యం కడిగేవారు. "పొయ్యి నవ్వుతోందమ్మాయ్, చుట్టాలొస్తారు" అనేవారు. ఎవరైనా వచ్చారా, "నే చెప్పలా?" అన్నట్టు నావైపు ఓ చూపు. రాకపోతే ఆ మాట ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు. మిగిలిన అన్నం మర్నాడు పులిహోర అయ్యేది.

మాది విజయవాడ సింగ్‌నగర్. గ్యాస్ వచ్చి ఎన్నేళ్లయినా పెరట్లో మట్టి పొయ్యి ఒకటి, స్నానాలకి రాగి బాయిలరు ఒకటి మాకు ఉండాల్సిందే. సంక్రాంతికి అరిసెలన్నా, పదిమందికి వంటన్నా ఆ పొయ్యి మీదే. అది చేసే చప్పుళ్ల గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. రోజూ వినే అత్తయ్యగారి దగ్గులాగే అదీ ఒకటి. 2024 సెప్టెంబరులో ఆలోచించాల్సి వచ్చింది.

సెప్టెంబరు 1న బుడమేరు మా వీధుల్లోకి వచ్చిన సంగతి మీకు తెలిసిందే. అటు కృష్ణలోనూ ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులదాకా వెళ్లింది. పిల్లల్ని పెట్టుకుని మేడమీద పాల ప్యాకెట్ల కోసం ఎదురుచూసిన ఆ రోజుల గురించి ఇక్కడ రాయను, అది వేరే కథ. నీళ్లు తీసి కిందికి దిగేసరికి మట్టి పొయ్యి కరిగి ముద్దయిపోయింది. సిలిండరు ఎటు కొట్టుకుపోయిందో తెలీదు. కాచి చల్లార్చిన నీళ్లే తాగమని అందరూ చెబుతున్నారు, కాచేదెక్కడ?

అత్తయ్యగారు చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. మూడు రాళ్లు పోగుచేశారు. రెండు పాత పొయ్యి రాళ్లు. మూడోది మావయ్యగారు ఎప్పుడో కృష్ణ ఒడ్డు నుంచి తెచ్చి తులసికోట పక్కన పెట్టిన నున్నటి గుండ్రాయి. మూడూ వారం పైగా నీళ్లలో నానినవే. కట్టెలూ నానినవే. రెండు రోజులు ఎండలో పడేశాం కదా, చాల్లే అనుకున్నాం. తాటాకు వేసి, ఊది ఊది ఎలాగో అంటించాం.

ఆవేళ పొయ్యి నవ్వలేదు, కచేరీ పెట్టింది. కట్టె చివర్ల నుంచి నురగ, బుసలు, చిటపటలు. వాటన్నిటి మధ్య సన్నగా, గడియారం కొట్టుకున్నట్టు "టిక్... టిక్". అది కట్టెలోంచి కాదు, రాయిలోంచి వస్తోంది.

"అదేంటత్తయ్యా?" అన్నాను.

"నవ్వుతోందే" అన్నారుగానీ ఆ గొంతులో ఎప్పటి ధీమా లేదు. ఊదుగొట్టం కిందపెట్టి చెంబు అందుకోవడానికి పక్కకి తిరిగారు. అంతే, "ఢాం"! మేడమీదున్న మావారు సిలిండరు పేలిందనుకుని పరుగెత్తుకొచ్చారు. గుండ్రాయి రెండుగా చీలిపోయింది. ఓ పెచ్చు తగిలి ఇత్తడి గిన్నెకి సొట్ట పడింది. ఇంకో పెచ్చు అత్తయ్యగారి కనుబొమ్మ మీద. మూడు కుట్లు పడ్డాయి. "అరంగుళం కిందయితే కన్ను పోయేదమ్మా" అన్నారు డాక్టరుగారు. తిన్నగా పొయ్యికేసే చూస్తూ ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకిప్పటికీ కాళ్లు వణుకుతాయి.

ఆ తర్వాత కనిపించినవాళ్లందర్నీ అడగడం మొదలుపెట్టాను. మా వీధిలో ఫిజిక్సు చెప్పే లెక్చరరుగారు, పెళ్లిళ్లకి వంట చేసే మేస్త్రి, పరామర్శకి వచ్చిన పెద్దత్తయ్యగారు. ఆవిడది గుడివాడ దగ్గర పల్లెటూరు, జీవితమంతా కట్టెల పొయ్యి ముందే గడిచింది. ముగ్గురి మాటలూ వేరుగానీ చెప్పింది ఒకటే. పొయ్యి చప్పుడు చాలావరకు నీటి చప్పుడు. ఆ నీరు ఎక్కడుందో కనిపెడితే భయపడాలో అక్కర్లేదో తెలిసిపోతుంది.

నీరు ఆవిరయితే దానికి ఇంచుమించు 1,600 రెట్లు ఎక్కువ చోటు కావాలట. బయటికి దారి ఉంటే సుయ్‌మంటూ పోతుంది. లేకపోతే ఉన్నచోటుని బద్దలు కొట్టుకుని పోతుంది. కథంతా ఇంతే.

పచ్చి కట్టె బరువులో సగందాకా నీళ్లే ఉంటాయి. చెట్టులో నీరు నడిచే సన్నటి గొట్టాలు కట్టె పొడుగునా ఉంటాయి కాబట్టి ఒక కొస కాలుతుంటే రెండో కొస నుంచి ఆవిరీ నురగా వస్తాయి. అత్తయ్యగారి "నవ్వు" ఇదే. ప్రమాదం లేదుగానీ నష్టం ఉంది. మంటలో వేడంతా ఆ నీటిని ఆవిరి చెయ్యడానికే పోతుంది, అన్నం ఉడకదు, పొగ రెట్టింపవుతుంది. కట్టెలు, బొగ్గు, కిరోసిన్ లాంటి వంటింటి పొగల వల్ల ప్రపంచంలో 2020లో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. చుట్టాల సంగతేమోగానీ పొయ్యి నవ్విందంటే దగ్గు మాత్రం రావడం ఖాయం. కట్టెని దుంగగా కాక పేళ్లుగా చీల్చి, గాలి ఆడేలా పేర్చి, పైన మాత్రం కప్పి ఆరునెలలైనా ఉంచితే ఈ నవ్వు ఆగిపోతుంది. రెండు పేళ్లు ఒకదానికొకటి కొట్టి చూడండి. ఎండినవి "ఠంగ్" మంటాయి, పచ్చివి "డబ్" మంటాయి. పెద్దత్తయ్యగారు చెప్పిన కిటుకు ఇది, ఇప్పటికి ఒక్కసారి కూడా తప్పలేదు.

చిటపటలది ఇంకోరకం. లోపల చిన్నచిన్న అరల్లో చిక్కుకున్న తడీ జిగురూ వేడికి పగులుతాయి, నిప్పురవ్వలు ఎగురుతాయి. పైటకొంగు బొడ్లో దోపుకుని, ఎండు తాటాకులూ పిడకల గంపా పొయ్యికి నాలుగడుగుల దూరం జరిపితే చాలు. నైలాన్ చీరతో మాత్రం పొయ్యి దగ్గరికి పోవద్దు. వెదురు సంగతి వేరు. కణుపుకీ కణుపుకీ మధ్య మూసిన గది, దారి లేదు. తుపాకీ పేలినట్టు పేలుతుంది. టపాకాయలు పుట్టకముందు చైనావాళ్లు పండగలకి వెదురు ముక్కలు మంటలో వేసి పేల్చేవారట. మనకి దీపావళికి టపాకాయలు వేరే ఉన్నాయి కాబట్టి విరిగిన వెదురు నిచ్చెన పొయ్యిలో పెట్టదలిస్తే ముందు నిలువునా చీల్చండి.

వెళ్లేముందు పెద్దత్తయ్యగారు చెల్లెలికి దిష్టి తీశారు. ఉప్పూ మిరపకాయలూ పొయ్యిలో పోస్తే పటపటా పేలాయి. "చూశావటే, ఎంత దిష్టో!" అన్నారు. సాయంత్రం లెక్చరరుగారిని అడిగితే నవ్వి, కళ్లుప్పు పలుకుల్లో సముద్రపు నీటి బొట్లు చిక్కుకుపోయి ఉంటాయి, వేడికి అవే పలుకుని పగలగొడతాయి అన్నారు. మెత్తటుప్పు వేసి చూశాను, పెద్దగా చప్పుడే లేదు. ఈ సంగతి పెద్దత్తయ్యగారికి నేను చెప్పలేదు, మీరూ చెప్పకండి.

అసలు భయపడాల్సింది రాయిలో నీరు. సన్నటి పగుళ్లలో, రంధ్రాల్లో చేరిన నీరు పైపై ఎండకి ఆరదు. రాయి బయట పొడిగా, తెల్లగా కనిపిస్తుంది, లోపల తడి అలాగే ఉంటుంది. ఒక్కసారిగా పెద్దమంట తగిలితే పగులుతుంది. కాబట్టి ఏటి ఒడ్డు నుంచో, చెరువులోంచో, వరదనీటిలోంచో తీసిన రాయి పొయ్యికి వద్దు. తడిసిన ఇటుకలయినా సరే, వారాల తరబడి ఎండనిచ్చి, మొదటి రోజు గిన్నె పెట్టకుండా చిన్నమంటతో గంటసేపు కాచి, అప్పుడు వాడుకోవాలి. రాయి "టిక్" మందా, కట్టెలు లాగడానికి కూడా దగ్గరికి పోకండి. పిల్లల్ని తీసుకుని దూరంగా వెళ్లిపోండి. మంట చల్లారి, రాళ్లు పూర్తిగా చల్లబడేదాకా ఆగండి. కంగారుపడి నీళ్లు మాత్రం చల్లొద్దు, కాలిన రాయి మీద చన్నీళ్లు పడితే అదే ఇంకో పగులు.

వంటమేస్త్రి ఇంకో సంగతి చెప్పాడు. డాబామీద వంట పెడితే సిమెంటు నేల మీద తిన్నగా పొయ్యి వెలిగించడట. ఇసక పరిచి, దానిమీద పొడి ఇటుకలు పేర్చాకే నిప్పు. "సిమెంట్లో తడి ఉంటదమ్మా, పెచ్చులు లేచి మొహాన కొడతాయి. ఒకసారి తెలిసొచ్చింది" అంటూ మోచెయ్యి చూపించాడు. కార్తీక వనభోజనాలకి మేడమీద పొయ్యి పెట్టేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన మాట.

మా బాయిలరు కథ కూడా వరదతోనే ముడిపడింది. కడిగాం అనుకుని నీళ్లుపోసి వెలిగిస్తే "గుడ్‌గుడ్... టక్" మని లోపలెవరో సుత్తితో కొట్టినట్టు. అడుగున బుడమేరు ఒండ్రు పేరుకుంది. దానికింద ఆవిరి బుడగలు చిక్కుకుని పగలడమే ఆ చప్పుడు. బోరునీళ్ల తెల్లటి పక్కు పేరుకున్నా ఇదే గోల. చల్లారాక బోర్లించి ఒండ్రు దులిపి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు రాత్రంతా ఉంచి కడిగితే నోరు మూసుకుంది. ఒకటి మాత్రం మరవొద్దు. నీళ్లు పోసే గరాటునీ, వేడినీళ్లు వచ్చే గొట్టాన్నీ ఎప్పుడూ బిగించి మూయకూడదు. బల్లులు పడతాయని కర్ర బిరడాలు కొట్టినవాళ్లని చూశాను. అది బాయిలరు కాదు, బాంబు.

నీటితో సంబంధంలేని చప్పుడు ఒకటుంది, గాలిది. పొయ్యి "గుప్... గుప్" మని ఆగి ఆగి మండుతోందంటే కట్టెలు కుక్కేశారన్నమాట. రెండు పేళ్లు వెనక్కి లాగితే సర్దుకుంటుంది. పొగగొట్టం ఉన్న పొయ్యిలయితే మసి సంగతి చూసుకోవాలి. పొగ లేని పొయ్యి మనకి కొత్తేం కాదు. హైదరాబాదు ఇంజనీరింగ్ ప్రయోగశాలలో డాక్టర్ ఎస్.పి. రాజు అలాంటిది తయారుచేసి, 1953లోనే దాని గురించి పుస్తకం రాశారు. కానీ గొట్టం పెట్టినంత శ్రద్ధగా దులిపేవాళ్లు తక్కువ. పచ్చి కట్టెల పొగకి మసి మరీ తొందరగా పేరుకుంటుంది. అది అంటుకుంటే గొట్టంలో రైలు పోతున్నంత హోరు. అప్పుడు పొయ్యి నోరు రేకుతో మూసి గాలి ఆపాలి, గొట్టంలో నీళ్లు గుమ్మరించకూడదు, తాటాకు కప్పయితే అందర్నీ బయటికి పంపి 101కి ఫోన్ చెయ్యాలి.

తడి కట్టె అంటుకోవడం లేదని కిరోసినో పెట్రోలో పోసేవాళ్లకి ఓ దణ్ణం. నిప్పుల మీద అది పడితే "భగ్గు" మనేది పొయ్యి కాదు, పోసిన మనిషి. వరదలో విరిగిన తలుపుల రంగు చెక్కలూ, ప్లైవుడ్డూ కూడా పొయ్యిలోకి వద్దు, ఆ పొగ విషం. కాలితే ఇరవై నిమిషాలపాటు కుళాయి ధార కింద పెట్టండి. పేస్టు, సిరా, నెయ్యి ఏదీ రాయొద్దు. కంట్లో పెచ్చు పడితే నలపకుండా కళ్ల డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

"మాకు గ్యాసే కదా" అనుకునే అక్కచెల్లెళ్లకి ఒక్కమాట. మంట ఆర్పేసినా రెగ్యులేటరు దగ్గర "సుయ్" మంటే అది నవ్వు కాదు. రెగ్యులేటరు కట్టి, కిటికీలు తెరిచి, స్విచ్చులు ముట్టుకోకుండా బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యండి. వరదలో మునిగిన సిలిండరయితే ట్యూబూ రెగ్యులేటరూ మార్పించకుండా వెలిగించొద్దు.

మాకు కొత్త సిలిండరు వచ్చింది. పెరట్లో పొయ్యీ మళ్లీ లేచింది, ఈసారి బాగా ఎండిన ఇటుకలూ మట్టితో. పోయిన వారం కట్టెల అడితికి అత్తయ్యగారే వస్తానన్నారు. కనుబొమ్మ మీద మచ్చ ఇంకా కనిపిస్తూనే ఉంది. మోపు విప్పించి, రెండేసి సరుగుడు పేళ్లు తీసి చెవిదగ్గర పెట్టుకుని ఒకదానికొకటి కొట్టడం మొదలుపెట్టారు. అడితి అతను కాసేపు చూసి, "ఏంటి మామ్మగారూ, పుచ్చకాయలనుకున్నారా?" అన్నాడు. ఆవిడ పలక్కుండా కొడుతూనే ఉన్నారు. ఐదో జతకి అతనే లేచి, "ఉండండి, లోపల ఎండువి వేరే ఉన్నాయి" అంటూ వెనక్కి వెళ్లాడు.