దెయ్యం భయానికి బేతాళ మందు

శ్రీకాకుళం: సందెవేళ చింతచెట్టు పక్కనుంచి ఒంటరిగా రాలేని పిల్లలు మన ఊళ్లలో ఎప్పుడూ ఉన్నారు. అక్కడ కొరివిదెయ్యం ఉందని భయపెట్టిందీ పెద్దలే. ఆ భయానికి బొమ్మ కట్టి, దాన్ని దాటే దారి కూడా చూపింది ‘చందమామ’.

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో ప్రారంభించిన ఈ మాసపత్రికలో బేతాళ కథలకు బొమ్మలు వేసి పేరు పొందినవారు శంకర్. చీకటి శ్మశానం, భుజాన శవం, చేత కత్తి. శవాన్ని చూసి బెదిరిన పిల్లవాడి చూపు చివరకు రాజు ముఖం మీద నిలిచేది. అక్కడ బెదురు లేదు.

కథలోనూ అదే కిటుకు. బేతాళుడు మీద పడడు. కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనం చెడి, శవం మళ్లీ చెట్టెక్కుతుంది. జవాబు వెతికే పిల్లవాడికి దెయ్యం సంగతే గుర్తుండదు.

దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికల్లోని రాకాసులకు రూపమిచ్చినవారు ‘చిత్ర’. ఎన్నో ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య 1921లో మన శ్రీకాకుళంలోనే పుట్టారు.

2010 దశకంలో పత్రిక నిలిచిపోయింది. 2020లో శంకర్ కన్నుమూశారు. ఇప్పుడు పిల్లలు సెల్‌ఫోన్లో దెయ్యాలను చూసి రాత్రి ఉలిక్కిపడుతున్నారు. అక్కడ ప్రశ్న వేసేవారు లేరు, పక్కన తాతా లేడు.

అటక మీద పాత సంచికలుంటే తూకానికి అమ్మకండి. ఒక కథ చదివి, రాజు జవాబు చెప్పేముందు ఆగి, పిల్లల్ని అడగండి.